మెత్త మెత్తగుంటే సరిపోదు

(చక్రాల కుర్చీ వాడేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు హనుమకొండలో సెప్టెంబరు 5న కలుసుకున్నప్పుడు ఒక ఫిజిక్స్ సారు చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్తే. తమ్మీ, ఆ మైకు జర కిందికి దించు, నేను లేచి నిలబడేదైతే లేదు గదా. (నవ్వులు) స్టేజీకి నాలుగు మెట్లున్నయి. కిందనే మంచిగుంది, అందరి ముఖాలు కనబడుతున్నయి.

పొద్దున్నుంచి నా దగ్గర చదువుకున్న పిల్లలు ఫోన్లు చేస్తున్నరు, టీచర్స్ డే అని. ఇదే సెప్టెంబరు 5ను వెన్నుపాము గాయాల దినంగ కూడ జరుపుతరు. నాకు రెండూ వర్తిస్తయి. 2011ల మడికొండ దగ్గర బండి మీది నుంచి పడ్డ. అప్పటి సంది నడుము కింద స్పర్శ లేదు. నేను డాక్టర్ను కాదు, మందుల గురించి చెప్పను. కూసునుడు గురించి, ఒక్కతీరుగ కూసుంటే అయ్యే పుండ్ల గురించి, వాటిని ఆపే కుషన్ గురించి చెప్త. కూసునుట్ల నాకు మస్తు అనుభవం ఉన్నది.

కుషన్ కొనడానికి దుకాణానికి పోతం. అతను నాలుగు తీసి ముందర పెడ్తడు. మనమేం జేస్తం? బొటనవేలుతోటి నొక్కి చూస్తం, టమాటలు ఏరుకున్నట్టు. వేలు లోపలికి పోయిందంటే, ఆ ఇది మంచిగుంది, కట్టియ్యి అంటం. తప్పు మన భాషల్నే ఉందేమో అనిపిస్తది నాకు. మన దిక్కు దిండును మెత్త అంటం. పేరే మెత్త అయినంక దాన్ని మెత్తదనంతోటి గాకుంటే దేనితోటి కొలుస్తం? కానీ మీ బొటనవేలు మోపే బరువెంత, మీరు మోపే బరువెంత? వేలు కింద మెత్తగ దిగినది మనిషి కింద అట్టడుగుకు దిగిపోతది. అప్పుడు మీరు కూసున్నది మెత్త మీద కాదు, దాని కింది చెక్క మీద.

ఒక పని చేద్దాం. స్పర్శ ఉన్నోళ్లు, తోడు వచ్చినోళ్లు, మీ రెండు అరచేతులు పైకి పెట్టి పిర్రల కింద పెట్టుకొని కూసోండి. సిగ్గుపడకండి, అందరం చేస్తున్నం. ఇప్పుడు జర ముందుకు, వెనుకకు ఊగండి. రెండు దిక్కుల రెండు గట్టి బొక్కలు, అంటే ఎముకలు, చేతులకు గుచ్చుకుంటున్నయా? అవే కూసునే బొక్కలు. మీ బరువుల పెద్ద వాటా మోసేది అవే. అవి ఆనే జాగ ఎంత? అరచేతిల సగం కూడ లేదు. ఆ బొక్కకు, కుర్చీకి నడుమ నలిగేది మీ కండ, మీ తోలు. అట్లనే కూసోండి, చేతులు తియ్యకండి. ఎంతసేపు ఆగగల్గుతరో చూద్దాం.

(కొద్దిసేపటి తర్వాత) తీసేసిన్రా? నిమిషం కూడ కాలేదు. చేతులు తిమ్మిరెక్కినయి గదా. సినిమా హాల్ల మూడు గంటలు కూసున్నోడు ఎన్నిసార్లు అటు ఇటు కదులుతడో ఆయనకే తెల్వది. కింద నెత్తురు ఆగిందని ఒళ్లు చెప్తది, మనిషి జరుగుతడు. మాకు ఆ కబురు అందది. లైను కట్ అయింది. కదలక, నెత్తురు అందక ఆ జాగల పుండయితది. కుషన్ అవసరం అక్కడ మొదలైతది.

ఇప్పుడు నా తెలివి సంగతి చెప్త. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినంక ఒక దుకాణంల గాలి రింగు కొనుక్కున్న. గుండ్రంగ, నడిమిట్ల ఖాళీ. దుకాణమాయన పుండ్లకు ఇదే మందన్నట్టు చెప్పిండు. నాకూ నిజమే అనిపించింది. బొక్క ఖాళీల ఉంటది, ఏమీ తగలది, పుండెట్లయితది? పదో తరగతి పిల్లలకు పీడనం పాఠం చెప్పినోణ్ని! బలాన్ని వైశాల్యంతోటి భాగించాలె, వైశాల్యం తగ్గితే పీడనం పెరుగుతది అని బోర్డు మీద ఎన్నిసార్లు రాసిన్నో లెక్కలేదు. ఆ రింగు నేను ఆనే వైశాల్యాన్ని తగ్గించింది. బిందె కింద చుట్టకుదురు చూడండి, బరువంతా ఆ అంచు మీదనే ఉంటది. అంచు చుట్టూత నొక్కిపట్టంగ నడుమనున్న తోలుకు నెత్తురు ఎటు నుంచి రావాలె? వేలుకు రబ్బరుబ్యాండు చుడితే కొస ఏమైతదో అదే అయింది. పుండ్ల వైద్యం చేసే పెద్ద సంస్థలు ఈ రింగులు వద్దని తమ మార్గదర్శకాలల్ల రాసినయి. అయినా ఇప్పటికీ అమ్ముతనే ఉన్నరు. ఇంట్ల ఉంటే పిల్లలకియ్యండి, చెరువుల ఈత నేర్చుకుంటరు.

ఒక ఆదివారం స్నానం చేయించుకుంట మా ఇంటామె, "ఈ మచ్చ నిన్న కూడ ఉండె గదా" అన్నది. నేను పట్టించుకోలె. పుస్తకాలల్ల ఎర్రగయితదని రాస్తరు, మన చామనఛాయ తోలు మీద ఎరుపు యాడ కనబడ్తది? చుట్టుపక్కల కంటే నల్లగనో ఊదాగనో ఉంటది. చెయ్యి పెడితే వెచ్చగ తగుల్తది, లేకుంటే చల్లగ. గట్టిగ బిళ్ల కట్టినట్టు ఉంటది, ఒక్కోసారి పండు మాగినట్టు ముద్దగ. అర్ధగంట దాని మీద బరువు లేకుండ పెట్టినా పోకపోతే అది మచ్చ కాదు, పుండు మొదలైంది. నాకు పైన తోలు పగిలేనాటికి లోపల చాన నష్టం జరిగిపోయింది. ఇది బొక్క దగ్గర మొదలై పైకి రావచ్చు. పైన చూస్తే చిటికెన వేలంత సందు, లోపల ఎలుక బొరియ. నాలుగు నెలలు బోర్లా పండుకున్న. అర్ధ సంవత్సరం పరీక్షల పేపర్లు బోర్లా పండుకొనే దిద్దిన. ఆ యేడాది పిల్లలకు మార్కులు జర తక్కువనే పడ్డయి. (నవ్వులు)

ఇప్పుడు నవ్వుతున్నం గానీ ఇది పానాలు తీసే పుండు. రెండో ప్రపంచ యుద్ధం దాకా వెన్ను విరిగినోళ్లల్ల చానమంది పుండ్లతోటి, మూత్రం ఇన్ఫెక్షన్లతోటి పోయేటోళ్లు. 1944ల ఇంగ్లండుల స్టోక్ మాండవిల్ ఆస్పత్రిల లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టరు వార్డు తీసుకొని, రాత్రనక పగలనక రెండు గంటలకోసారి ఒక్కొక్కరిని పక్క మార్చాల్సిందే అని పట్టుబట్టిండు. పారాలింపిక్స్‌కు మూలపురుషుడు కూడ ఆయననే. మందు కాదు, మిషను కాదు, పక్క మార్చుడు. హాలీవుడ్ నటుడు క్రిస్టఫర్ రీవ్ 1995ల గుర్రం మీది నుంచి పడి మెడ కింద కదలిక పోగొట్టుకున్నడు. పైసలకు తక్కువ లేదు, నర్సులకు తక్కువ లేదు. 2004ల చనిపోయే ముందట ఆయనకు ఇసువంటి పుండుకే ఇన్ఫెక్షన్ అయి వైద్యం నడుస్తుండె. పైసలున్నోనికే అట్లయితే మనమెంత జాగ్రత్తగ ఉండాలె చెప్పండి.

సరే, దుకాణంల ఏముంటయి? ముందుగాల ఫోము. మామూలు పరుపుల ఫోము కోసి కవరేసి అమ్ముతరు, ఆర్నెల్లల్ల అప్పడమైతది. సాంద్రత ఎక్కువున్న ఫోముతోటి, పిర్రల ఆకారానికి గుంట తీసి, తొడలకు కాలువ తీసి చేసినవి వేరే ఉంటయి. వాటి మీద బరువు తొడల పొడుగూత పంచుకుంటది, బొక్కలు గుంటల దిగుతయి. మెమరీ ఫోమంటే, 1966ల నాసా కోసం విమానం సీట్లకని కనిపెట్టింది. ఒంటి వేడికి కరిగినట్టు ఆకారం తీసుకుంటది. చలికాలం పొద్దున జర గట్టిగుంటది, మే నెల ఎండల మరీ జావగారుతది. అందుకే అదొక్కటే మందంగ ఉన్నది వద్దు, కింద గట్టి ఫోము, పైన ఇది పొరగ ఉన్నది చూడండి. జెల్ ఉన్నవి బరువు. చంకల పెట్టుకొని కారెక్కించేది మీ ఆడోళ్లే గదా, వాళ్లనడిగి కొనండి. కారుల ఎండకు పెట్టిన జెల్ మెత్త మీద స్పర్శ లేనోడు కూసుంటే బొబ్బలొస్తయి, ముందు చెయ్యి పెట్టి చూసినంకనే కూసోవాలె.

ఇగ గాలివి. నల్లటి రబ్బరు గుడిసెలు వరుసగ లేచినట్టు ఉంటయి చూడండి. 1970లల్ల రాబర్ట్ గ్రేబ్ అనే అమెరికా ఇంజనీరు తెచ్చిన ఉపాయం. గుడిసెలన్నిటికి లోపల దారి ఒక్కటే. బొక్క దిగిన కాడి నుంచి గాలి పక్క గుడిసెలకు పోతది, అవి లేచి తొడను ఆనుకుంటయి. మనిషి నీళ్లల్ల తేలినట్టు. పుండు ఒకసారి అయి మానినోళ్లకు, ఒళ్లు బక్కగై బొక్కలు తేలినోళ్లకు నా మటుకు నేను ఇదే చెప్త. నేను కూసున్నది కూడ ఇదే. మంచిది కావాలంటే ఐదంకెల ధర.

కానీ ధర చూసి మురిసిపోకండి. పరకాల దిక్కు ఒక గౌడన్న ఉన్నడు, తాడిచెట్టు మీది నుంచి పడ్డడు. మన జిల్లాలల్ల నడుము పోయినోళ్లల్ల చెట్టు మీది నుంచి పడ్డోళ్లు ఎంతమంది ఉన్నరో మీకు చెప్పనక్కరలేదు, ఈ హాలులనే చేతులెత్తమంటే తెలుస్తది. దుబాయ్‌ల ఉన్న ఆయన అల్లుడు గాలి మెత్త పంపిండు. రెండు నెలలకే పుండు. నాకు ఫోన్ చేసి, "సారూ, గింత పైసలు పెట్టి తెస్తే గిదేంది?" అని మొత్తుకున్నడు. పోయి చూసిన. సైకిలు పంపుతోటి నిండా కొట్టించిండు. టైరు లెక్క టంగుమంటున్నది. "మెత్తగుంటే గాలి దిగిపోయినట్టు గదా, అందుకే వారానికోసారి కొట్టిస్తున్న" అన్నడు. నిండా గాలి కొట్టిన మెత్త మీద మనిషి దిగడు, బంతి మీద కూసున్నట్టు పైననే ఉంటడు. రెండు బొక్కలే ఆనుతయి. ఇంకోడు అసలే గాలి లేకుండ వాడుతడు, ఆయన చెక్క మీద కూసున్నట్టు. రెండు తప్పుల నడుమ ఒక అంగుళం జాగ ఉన్నది. ఆ అంగుళమే అసలు కుషన్.

అది దొరకబుచ్చుకునే తీరు చెప్త. ముందు గాలి ఎక్కువనే కొట్టండి. మనిషిని కూసోబెట్టండి, ఎప్పుడూ కూసునే తీరులనే, కాళ్లు పెడల్ మీద పెట్టి. మీ చేతికి గ్లవ్ వేసుకొని, అరచెయ్యి పైకి ఉండేటట్టు మెత్తకు, పిర్రకు నడుమ దూర్చండి. అన్నిటికంటే కిందికి దిగిన బొక్కను వెతకండి. అది దొరికినంక వాల్వు తిప్పి, చెయ్యి తియ్యకుండనే గాలి మెల్లగ వదలండి. బొక్క దిగుతుంటది, మీ వేళ్లకు తెలుస్తది. వేళ్ల కొసలు ఆడించేంత సందు, అర అంగుళం నుంచి అంగుళం దాకా మిగిలినప్పుడు వాల్వు మూసెయ్యండి. గంతే. ఫోముకు గాలి వదిలే పని లేదు గానీ చెయ్యి పరీక్ష దానికీ ఉన్నది. మెత్త కింద, బొక్కకు సరిగ్గ సూటిగ చెయ్యి పెట్టండి. బొక్క మీ చేతికి గట్టిగ తగిలిందంటే ఆ ఫోము పని అయిపోయింది, ఎంత కొత్తదైనా సరే. కొన్ననాడు ఫోము అడుగున మార్కరుతోటి తారీఖు రాసి పెట్టండి, మొన్ననే కొన్నం అని మన మనసు మనకే అబద్ధం చెప్తది.

కొందరు దుకాణపోళ్లు కంప్యూటర్ చిత్రాలు చూపించి, మా కుషన్ మీద పీడనం పాదరసం లెక్కల 32 మిల్లీమీటర్లు దాటదు, కాబట్టి పుండు కాదు అంటరు. ఈ 32 ఎక్కడిదో తెలుసా? 1930ల లాండిస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యవంతుల గోరు మూలల సన్న నాళాలల్ల సూదిపెట్టి కొలిచిన రక్తపీడనం. గోరు దగ్గరి లెక్కను తీసుకొచ్చి పిర్రకు అంటగడితే ఎట్ల? ఆ చిత్రం రెండు కుషన్లను పోల్చుకోవడానికి పనికొస్తది. పీడనం ఎక్కువున్న జాగను చూపే ఎర్రటి మచ్చలు దేనిల తక్కువున్నయో చూసుకోండి. హామీ కింద మాత్రం తీసుకోకండి.

కుషన్ మంచిదే అయినా కుర్చీ చెడగొడ్తది. మన మడత కుర్చీల సీటు రెగ్జిన్ గుడ్డ గదా, ఏడాదిల ఉయ్యాల లెక్క సాగుతది. తొడలు లోపలికి మడుసుకుంటయి, మనిషి ఒక దిక్కు ఒరుగుతడు, ఒరిగిన దిక్కు బొక్క మీద బరువు. సీటు కొలతకు ప్లైవుడ్ ముక్క కోయించి, మూలలు గుండ్రంగ చేసి, మెత్త కింద వెయ్యండి. వడ్రాయనకు గంట పని. మెత్త వేసినంక మీరు ఎత్తు లేస్తరు, పెడళ్లు కూడ ఆ లెక్కన దించాలె. పెడళ్లు పైకి ఉంటే మోకాళ్లు లేచి తొడలు గాలిల ఉంటయి, బరువంతా వెనుక బొక్కల మీదికే వస్తది. మరీ కిందికుంటే మనిషి ముందుకు జారుతడు. వెనుక నుంచి ముందుకు కొలుచుకుంటే సీటు ముందు అంచుకు, మోకాలి మడతకు నడుమ రెండు మూడు వేళ్ల సందు ఉండాలె.

అన్నిటికంటే ఎక్కువ నేను చూసే తప్పు చెప్త, నవ్వకండి. ముందు వెనుకలు. గుంట ఉన్న దిక్కు వెనుకకు రావాలె. ఉతికి ఆరేసి మళ్ల వేసేటప్పుడు తిప్పి వేస్తరు, తొడలకు పెట్టిన ఎత్తు గడ్డ బొక్కల కిందికొస్తది. కవరు మీద ముందు దిక్కు ఎర్ర దారంతోటి ఒక కుట్టు వేయించండి. ఇంకోటి, మెత్త మీద చద్దరు మడతలు. మూత్రం పడి పాడయితదని కొందరు పాలిథిన్ సంచి తొడుగుతరు, దాని మీద తువ్వాల, దాని మీద కొత్తవాడ షత్రంజి నాలుగు మడతలు. షత్రంజి మన వరంగల్ కీర్తి, నేల మీద పరుసుకోండి. మెత్త మీద వేస్తే బొక్క గుంటల దిగది, పైన బిగుసుకున్న గుడ్డ మీదనే ఆగుతది. కుషన్‌తో పాటు వచ్చే సాగే కవరు ఒక్కటే ఉండాలె. రెండు కవర్లు కొనుక్కోండి, ఒకటి ఉతుకులకు.

మన ఎండ సంగతి వేరే చెప్పాల్నా? ఒంటి వేడి ఒక్క డిగ్రీ పెరిగితే కండ అడిగే ఆక్సిజన్ దాదాపు పది శాతం పెరుగుతదంటరు. కింద నెత్తురేమో తక్కువ. మీది నుంచి చెమట, తడి తోలు నానిన కాయితం లెక్క చినుగుతది. రెగ్జిన్ కవరు మీద మే నెలల కూసున్నోనికి ఇది నేను చెప్పక్కరలేదు. గాలి మెత్తల గాలి కూడ ఎండకు ఉబ్బుతది. పొద్దున చల్లగున్నప్పుడు సరిచేసింది మధ్యాహ్నం గట్టిపడ్తది. మళ్ల చెయ్యి పెట్టుకోవాలె.

పక్షవాతం వచ్చిన పెద్దోళ్ల సంగతి వేరే. మా అవ్వ ఒక దిక్కు పడిపోయినంక రెండేండ్లు బతికింది. వాళ్లను గాలి మెత్త మీద కూసోబెడితే ఊగుతది, భయపడి బిగుసుకుంటరు. పంపు కొట్టి రోజూ చూసేటోళ్లు ఇంట్ల లేకుంటే దాని జోలికి పోకండి. గుంట తీసిన మంచి ఫోమే వాళ్లకు నయం. వాళ్లు కూసున్న తీరు చూడండి: ప్లాస్టిక్ కుర్చీల ముందుకు జారి, తోక బొక్క మీద ఆనుకొని ఉంటరు. ఆ జారుడుతోటి తోలు ఒక దిక్కు, బొక్క ఒక దిక్కు గుంజుకుంటయి. పిర్రలు వెనుకకు జరిపి కూసోబెట్టకుండ కింద ఏ మెత్త పెట్టినా పైసలు దండుగ.

ఇంత చెప్పినా, మెత్త మీ బదులు కదలది. కొందరు చేతులు ఆనించి పైకి లేస్తరు, పది సెకన్లు ఉండి కూలబడ్తరు. అది నెత్తురు తిరిగిరావడానికి సరిపోదు, పైగ భుజాలు అరుగుతయి. మా అసువంటోళ్లకు భుజాలే కాళ్లు. దానికంటే ముందుకు వంగండి, మోచేతులు మోకాళ్ల మీదనో బల్ల మీదనో పెట్టి, రెండు నిమిషాలు. వంగలేనోళ్లు ఒక దిక్కు, తర్వాత ఇంకో దిక్కు ఒరగండి. అర్ధగంటలోపు ఒకసారి. నేను క్లాసుల పిల్లలకు లెక్క ఇచ్చి, వాళ్లు చేసేంత సేపు బల్ల మీదికి వంగుత. సారు నిద్రపోతున్నడని హెడ్‌మాస్టర్‌కు ఒకసారి ఫిర్యాదు కూడ పోయింది. (నవ్వులు) రాత్రి పండుకునే ముందు అద్దంతోటో ఫోన్ కెమెరాతోటో చూసుకోండి. మేడారం జాతరకు పోతే మెత్తను కుర్చీల వదిలి కారు సీట్ల కూసోకండి, జాతర ట్రాఫిక్‌ల వంద కిలోమీటర్లకు ఎన్ని గంటలైతదో మనకు తెలుసు. మెత్తను కూడ మీతోని కారెక్కించండి.

పైసల గురించి ఒక్క మాట. వికలాంగులకు కుర్చీల అసువంటి పరికరాలిచ్చే కేంద్రం పథకం, ఆడిప్ అని ఉన్నది, 1981 నుంచి నడుస్తున్నది. నలభై శాతం వైకల్యం సర్టిఫికెట్ ఉండాలె, ఆదాయం పరిమితి కూడ ఉన్నది. ఆ పరికరాలు తయారుచేసే కాన్పూర్ అలింకో కంపెనీ క్యాంపులకు మనోళ్లు పోతరు, కుర్చీ తోసుకుంట సంబురంగ వస్తరు. కుర్చీ రాసే కాడనే కుషన్ మాట అడగండి. నాకు పుండు అయింది, డాక్టరు చీటీ ఇది అని కాయితం చేతిల పెట్టండి. కుర్చీ ఇంటికొచ్చినంక అడిగితే మళ్ల క్యాంపు దాకా ఆగాలె.

ఆ గౌడన్న ముచ్చట సగంల వదిలిన. ఆయన పుండు మానేసరికి బతుకమ్మ పండుగ పోయి సంక్రాంతి వచ్చింది. చెయ్యి పెట్టి చూసే తీరు నేనే నేర్పిన. వారానికోసారి చూసుకో అన్న. "వారానికెందుకు సారూ, రోజూ చూసుకుంట" అన్నడు. "చెట్టెక్కే ముందు మోకు గుంజి చూసుకోకుండ ఏ గీతోడు ఎక్కుతడు? ఆ ఒక్కనాడు చూసుకోలె, ఇట్లయిన." ఇప్పుడు పొద్దున కుర్చీ ఎక్కంగనే ఆయన కొడుకు చెయ్యి పెడ్తడు. "వేళ్లు ఆడుతున్నయి నాయినా" అన్నంకనే చాయ్.

ఇగ నా మాటలు చాలు. గ్లవ్స్ డబ్బా తెచ్చిన, గాలి పంపు తెచ్చిన. ముందు వరుసల నీలం చీర అక్కా, మీవాళ్లది గాలి మెత్తనే గదా? తనను సరిగ్గ కూసోనియ్యండి, కాళ్లు పెడల్ మీద పెట్టండి. మీరే చెయ్యి పెట్టండి, నేను కాదు. రేపు ఇంట్ల చూసేది మీరే. అరచెయ్యి పైకి... ఆ, ఇంకొంచెం లోపలికి. బొక్క దొరికిందా?